కౌన్సిల్ ఫైల్లో మా అంకుల్

ఒకే ఒక్క మాటతో కోర్టు గుమ్మం దాకా వెళ్లొచ్చిన ఘనుణ్ణి నేను. పోనీ అదేమన్నా బూతా అంటే కాదు. ‘అంకుల్’.

అప్పట్లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో, వృద్ధుల కేర్ హోమ్‌లో పని చేసేవాణ్ణి. డ్యూటీల పట్టికలో నా షిఫ్టులు వారానికి రెండుకు పడిపోతే, కౌన్సిల్ టాక్స్, అంటే మన ఇంటిపన్ను లాంటిది, తగ్గించే బెనిఫిట్ వచ్చింది. కొన్నాళ్లకు వివరాలు సరిచూడ్డానికి కౌన్సిల్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

“ఫ్లాట్‌లో ఇంకెవరైనా ఉన్నారా, లవ్?” ఆ ఊళ్లో ముక్కూ మొహం తెలియనివాళ్లనీ ‘లవ్’ అనే పిలుస్తారు.

కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ప్రకాశరావుగారు అప్పుడు నా వంటింట్లో చేపల పులుసు వేడి చేస్తున్నారు. అబద్ధమాడటం నాకు చేతకాదు, నోరు మూసుకోవడం అంతకన్నా చేతకాదు.

“మా అంకుల్ ఉన్నారు. ఎప్పుడూ ఇక్కడే.”

“ఉద్యోగం చేస్తారా?”

“హాస్పిటల్లో. ఏళ్ల తరబడి!”

అవతల కీబోర్డు టకటకలాడింది. పాపం, కబుర్ల మనిషి అనుకున్నాను.

సంపాదించే మేనమామ ఇంట్లో ఉండగా నీకు బెనిఫిట్ ఏమిటంటూ ఉత్తరం వచ్చింది. తర్వాత బకాయి నోటీసు వచ్చింది. పొరపాటున వచ్చిందనుకుని రెండింటినీ ఫ్రిజ్‌కు అంటించాను. మూడోది కోర్టు సమన్లు. ఫ్రిజ్ మీద చోటు లేదు.

ఇక పట్టు పట్టాను. ఆయన నాకేమీ కారని నిరూపించి తీరాలి. సాక్ష్యానికి ఆయన టాక్స్ బిల్లునీ, ఆయన్నీ వెంటబెట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఫోన్లో విన్న గొంతే!

“ఈయన మీ అంకులేనా, లవ్?”

“కాదండీ. ఈయన నాకేమీ కారు.”

ప్రకాశరావుగారి మొహం మాడిపోయింది. “ఏందిరా, ఏమీ కానా? నీకు జొరమొస్తే జావ కాసి పోసిందెవుర్రా?”

“అంకుల్, ఓ పది నిమిషాలు ఏమీ కాకండి. మీకు దణ్ణం పెడతాను.”

“పది నిమిషాలు కాకుండా ఎట్టా ఉంటార్రా?” అని ఆవిడ వైపు తిరిగి, ఇంగ్లీషులో గర్జించారు. “వీడు నా కొడుకు, మేడమ్! రోజూ మా ఇంట్లోనే తింటాడు!”

కీబోర్డు మళ్లీ టకటకలాడింది. నేను వినిపించుకోలేదు. బిల్లు మీది ఆయన అడ్రస్ చూపించి, మూడుసార్లు అడిగినా మూడుసార్లూ “ఏమీ కారు” అనే చెప్పాను. చివరికి తప్పు దిద్దారు. బెనిఫిట్ తిరిగొచ్చింది, సమన్లు రద్దయ్యాయి. ఇంటిదాకా బస్సులో ప్రకాశరావుగారు కిటికీతో మాత్రమే మాట్లాడారు.

రెండు వారాల తర్వాత తలుపు తట్టారు. చేతిలో ఉత్తరం. ఒంటరిగా ఉండేవాళ్లకిచ్చే టాక్స్ తగ్గింపు ఆయనకు తీసేశారు. కారణం, పెద్దవాడైన కొడుకు ఆయనతోనే ఉంటున్నాడట.

“పదరా నాయనా,” అన్నారు తల వంచుకుని. “ఈసారి నువ్వు నాకేమీ కావని నేను చెప్పాలంట.”

దారిలోనే ప్రమాణం చేశాను. కౌన్సిల్ చెవిన పడేంత దూరంలో ఇక ఈ జన్మలో ఎవరితోనూ వరస కలపను. అందరూ మిస్టర్లే.

కౌంటర్లో ఆవిడ మమ్మల్ని చూసి నవ్వింది. “మళ్లీ వచ్చారా, లవ్?” అని నన్నూ, “కూర్చోండి, లవ్,” అని ఆయన్నీ పలకరించింది.

ఆ వరస మాత్రం ఏ ఫైల్లోకీ ఎక్కలేదు.