డాక్టరమ్మ చెప్పిన రెండో మాట

మొన్న విజయవాడలో మా మనవరాలికి తోడుగా ఆసుపత్రికి వెళ్ళాను. దానికి మొదటి కాన్పు ఆపరేషన్ అయింది, రెండోది మామూలుగా అవుతుందేమో చూద్దామని దాని పట్టుదల. డాక్టరమ్మ దాన్నీ దాని మొగుణ్ణీ ఎదురుగా కూర్చోబెట్టి, పాత కుట్టు ఎలా ఉందో, ప్రమాదం ఎక్కడుందో, నొప్పులు మొదలైతే ఏం చేయాలో అరగంట సేపు విడమరిచి చెప్పింది. వాళ్ళిద్దరూ నిదానంగా ప్రశ్నలడుగుతుంటే నేనక్కడ కూర్చోలేకపోయాను. మంచినీళ్ళ వంకతో బయటికొచ్చి బల్ల మీద కూలబడ్డాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్ళు మీరు, మీకు చెప్పుకుంటాను.

అరవైల మొదట్లో సంగతి. మాది బందరు. అక్కను దివిసీమలో, కోడూరు దగ్గర ఓ పల్లెకిచ్చాం. తొలికాన్పు ఆనవాయితీ ప్రకారం మా ఇంట్లోనే జరగాల్సింది, బిడ్డ అడ్డం తిరగడంతో ఆసుపత్రిలో కోసి తీశారు. తల్లీ పిల్లా దక్కారని మేము సంబరపడుతుంటే, బారసాలకొచ్చిన అక్క అత్తగారు పదిమంది ఆడవాళ్ళ మధ్య, మా కోడలు కనలేదమ్మా, డాక్టరు తీసింది అని నవ్వుతూ అనేసింది. ఆవిడ నోరంతే, వచ్చిన మాట ఆగదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అక్క మాత్రం పిల్లని ఒళ్ళో వేసుకుని తలెత్తలేదు.

రెండేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. ఏడో నెలలో మా పెదనాన్నగారింట్లో పెళ్ళికని బందరు వస్తే, అమ్మ నన్ను తోడిచ్చి డాక్టరమ్మ దగ్గరికి పంపింది. నాకప్పుడు పదిహేడేళ్ళు. ఆవిడ చూసి రెండు మాటలు చెప్పింది. బిడ్డ ఈసారి తిన్నగానే ఉంది, మామూలు కాన్పు కావచ్చు అన్నది మొదటిది. పాత కుట్టు నొప్పులప్పుడు విడిపోతే ప్రాణం మీదికొస్తుంది, కాబట్టి తొమ్మిదో నెల రాగానే వచ్చి ఆసుపత్రి పక్కనే ఉండాలి, ఇంట్లో కాన్పు మాటే తలపెట్టొద్దు అన్నది రెండోది. నాకేసి చూసి మరీ గట్టిగా చెప్పింది, పెద్దవాళ్ళకి చెప్పమని.

తిరిగొస్తూ రిక్షాలో అక్క నా చెయ్యి పట్టుకుంది. రెండో మాట ఇంట్లో చెప్పొద్దే, నీకు దణ్ణం పెడతాను అంది. మలికాన్పు అత్తవారిది కదా, పుట్టింటికి పంపితే కోడలికి పురుడు పోయలేని ఇల్లా అని ఊరు అనుకుంటుంది, అత్తగారు ఇంకేమంటుందో. పైగా ఆసుపత్రికొస్తే మళ్ళీ కోసేస్తారని దాని నమ్మకం. ఈసారి నేనే కంటానే, అందరిలాగా నేనే కంటాను అని కళ్ళు తుడుచుకుంది. అక్క ఏం చెప్తే అదే నాకు వేదం. ఇంటికి రాగానే అమ్మ ఏమన్నారే అనడిగితే, ఈసారి మామూలు కాన్పే అవుతుందటమ్మా అన్నాను. అమ్మ అప్పటికప్పుడు అమ్మవారికి ముడుపు కట్టింది. ఎంత సంతోషపడిందో పిచ్చితల్లి!

నెలలు నిండాక సాయానికని నన్ను కోడూరు పంపారు. ఓ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి చూసి అంతా సవ్యంగా ఉందంది. నేను పాపని చంకనేసుకుని పురుటిగది గుమ్మంలో నిలబడ్డాను. మధ్యాహ్నానికి అక్క ముఖం చూడలేక, చెప్పేద్దామని అత్తగారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ అక్క నన్నే చూసి, వద్దన్నట్టు తలాడించింది. పాపని సర్దుకుని మళ్ళీ గుమ్మంలోకే వచ్చేశాను.

కాసేపటికి ఒక్కసారిగా నొప్పులు ఆగిపోయాయి. అమ్మయ్య, తెరిపి ఇచ్చింది అనుకున్నాం. అత్తగారు మజ్జిగ కలిపి తెచ్చింది కూడా. మంత్రసాని అక్క పొట్ట మీద చెయ్యేసి, ఆ చెయ్యి అలాగే ఉంచేసింది. అక్క పెదాలు తెల్లగా ఉన్నాయి. అప్పుడు చెప్పాను నేను అత్తగారికి, మొత్తం.

ఆవిడ నన్ను తిట్టలేదు, కొట్టలేదు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా పొలానికి పరిగెత్తి బండి కట్టించింది. అవనిగడ్డ చేరితే బస్సో కారో దొరుకుతుందని బయల్దేరాం. దారంతా అక్క తల ఒళ్ళో పెట్టుకుని, ముందే నాతో ఒక్క మాట అనుంటే బందరులో ఇల్లు అద్దెకు తీసుకుని నేనే కూర్చునేదాన్ని కదమ్మా, నా నోటికి భయపడి ఇంత పని చేశావా అని ఏడుస్తూనే ఉంది. కాలవగట్టు మీదే, అవనిగడ్డ కనబడకముందే, అక్క పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

కబురందుకుని వచ్చిన అమ్మ, మహాతల్లీ, నా కూతుర్ని పొట్టన పెట్టుకున్నావు, ఆసుపత్రికి పంపడానికి చేతులు రాలేదా అని అత్తగారి మీద పడింది. నేను అరుగు మీద ముడుచుకుని కూర్చున్నాను. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు నన్ను చూపిస్తుంది అనుకుంటూ. ఆవిడ అమ్మ చేతులు పట్టుకుని, అవునొదినా, మేమే ఆలస్యం చేశాం అంది. అంతే. నా వైపు చూడనైనా లేదు. బతికున్నంతకాలం ఆ మాట ఎవరి దగ్గరా మార్చలేదు. పాపని ఆవిడే పెంచింది. అమ్మ ఆ పిల్లను చూడ్డానిక్కూడా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు డాక్టరు మాట మోసుకురావడానికి చెల్లెళ్ళు అక్కర్లేదు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని వింటున్నారు, అత్తలు ఫోనులో అడిగి తెలుసుకుంటున్నారు. కోడూరు నుంచి బందరు కారులో ఎంతసేపు? అన్నీ మంచికే మారాయి, నేను కాదనను. నేనేం అబద్ధమాడలేదు, అక్క చెప్పొద్దన్నది చెప్పలేదంతే అని ఏళ్ళ తరబడి నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ చివరి రోజుల్లో మంచం మీదున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని, అక్కను ఆవిడే చంపిందే, ఆ ఉసురు ఊరికే పోదు అంటుంటే, నేను పక్కనే కూర్చుని అవునమ్మా అన్నాను.