సిస్టరమ్మ చెయ్యి ఆగిన చోటు

మా సిస్టరమ్మ పోయారని మొన్న ఆదివారం పుంగనూరు నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. ఆ మాట వినగానే నా నోట వచ్చింది, "అయ్యో, ఒక్క మాట అడగాల్సి ఉండిందే!" అని. ఏడవాల్సిన చోట ఎవరైనా అలా అంటారా? ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మదనపల్లెలో ఒక మిషన్ ఆస్పత్రిలో మాకు సూది వేయడం నేర్పింది ఆమే. మార్కెట్టులో ఏరిపారేసిన టమోటాలు బుట్టలతో తెప్పించి మా చేత పొడిపించేవారు. "తోలు దాటినంక చేతికి తెలుస్తాది సూడు. అది తెలిసేదాకా మనిషి జోలికి పోవద్దమ్మా," అనేవారు. రోగి ముందు నా చెయ్యి ఈరోజు బెదరడం లేదంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఇప్పుడు నేను కుప్పంలో నర్సింగ్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. టమోటాల కాలం పోయింది. ఇప్పుడంతా కంప్యూటరు యంత్రం. దాని కళ్లజోడు పెట్టుకుంటే బల్ల మీది ప్లాస్టిక్ చేతిలో నీలం నరాలు కనిపిస్తాయి. సూది నిజంగా చర్మాన్ని తాకినట్టు, దాని గ్లౌజు మన వేళ్లను వెనక్కి నెడుతుంది. ఎంత నెట్టాలో చెప్పడానికి, రిటైరై ఇంట్లో ఉన్న సిస్టరమ్మను నేనే పిలుచుకొచ్చాను. గ్లౌజు తొడిగీ తొడగ్గానే, "ఇది మనిషి కాదప్పా, పచ్చి టమోటా," అన్నారు. ఆ యంత్రం తయారుచేసే ఇంజినీర్లు మూడు రోజులు తంటాలు పడ్డాక, "ఆఁ, ఇప్పుడు మనిషి," అన్నారు. ఆమె చెయ్యి కదిలిన తీరునే రికార్డు చేసి పాఠంగా పెట్టారు.

అక్కడే వచ్చింది చిక్కు. గుచ్చే ముందు ఆమె ఎడమ అరచెయ్యి ఆ ప్లాస్టిక్ చేతి మీద కాసేపు కదలకుండా ఉండిపోయింది. యంత్రం దాన్నీ పాఠంలో కలిపేసుకుంది. ఆగకుండా గుచ్చితే ఎర్రలైటు.

"ఎమర్జెన్సీలో లేటు అవుతాది గదా మేడమ్. తీసేద్దామా?" అని ఇంజినీర్లు అడిగారు. ఆమెను కనుక్కుని చెబుతానన్నాను. ఆమె ఎక్కడికి పోతారులే అని ఈ వారం, పై వారం అంటూ గడిపేశాను.

రోగుల దగ్గరా ఆమె అలాగే ఆగేవారు. ఎందుకు? నరం వెతకడానికా? రోగి భయం తగ్గడానికా? ప్రార్థనా? లేక వయసు మీద పడి వణికే చెయ్యిని నిలబెట్టుకోవడానికా? అన్నేళ్లు పక్కన నిలబడి ఆమె చేతినే చూశాను, ముఖం చూసిన పాపాన పోలేదు.

సమాధి దగ్గర ఆమె కూతురినే అడిగాను. "ఏమోక్కా. మాకు ఏనాడూ సూది ఎయ్యలేదు. బిడ్డలకైతే నాకు చెయ్యి రాదనేది," అంది. నాకు ఇంకా అయోమయం పెరిగింది.

నిన్న క్లాసులో పలమనేరు అమ్మాయి ఒకతి గ్లౌజు తొడుక్కుంది. "ఈడ ఎందుకు ఆగాల మేడమ్?" అంది.

"తెలీదమ్మా. ఆగు," అన్నాను. ఇంజినీర్లకు నేనింకా ఏ మాటా చెప్పలేదు.

ఆ పిల్ల ప్లాస్టిక్ చేతి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. నేను ఈసారి ముఖంలోకి చూశాను. కళ్లజోడు వెనక కళ్లు మూసుకుని ఉంది. అలా మూసుకోమని యంత్రం చెప్పదు. నేనూ చెప్పలేదు.