స్టెల్లక్క క్యాసెట్‌లో మిగిలిన పాట

మా చిన్నప్పుడు... ఓ మధ్యాహ్నం స్టెల్లక్క పైవాటా నుంచి దిగొచ్చి, తన క్యాసెట్ మా అమ్మ చేతిలో పెట్టింది. మేముంటున్న కువైట్‌లోకి ఇరాక్ సైన్యం దిగి అప్పటికి నెల దాటింది.

స్టెల్లక్కది కడప. చర్చిలో పాడుతూ మొదలై, బొంబాయి హోటళ్ళు తిరిగి, చివరికి కువైట్ సిటీలో ఓ హోటల్లో జాజ్ పాడేది. పెద్ద పేరేమీ రాలేదు. బ్యాండు వాళ్ళతో కలిసి రికార్డు చేసుకున్న పాట ఒకే ఒక్కటి... అదే ఆ క్యాసెట్.

ఫోన్లు లేవు. రాయచోటిలో మా జేజికి, అంటే నాన్న వాళ్ళమ్మకి, మేం ఉన్నామో పోయామో తెలీదు. మర్నాడు పక్కింటాయన బస్సులో జోర్డాన్ మీదుగా ఊరికి బయల్దేరుతున్నాడు. చెక్‌పోస్టులో ఉత్తరాలు చించేస్తున్నారట. మా మాటలు రికార్డు చేసి పంపడానికి ఖాళీ క్యాసెట్ కొందామంటే అంగళ్ళన్నీ దోచేశారు.

"దీంట్లోనే మాట్లాడండక్కా. మొదుట్లో నా పాట రవ్వంత ఉంచండి. చెక్‌పోస్టు వాళ్ళు పెట్టి ఇన్నా పాటలే అనుకుంటారు."

"మిగతాదంతా చెరిగిపోతాది గదమ్మే," అంది అమ్మ.

"మళ్ళా పాడుకుంటాలే. ముసలామె ఆడ ఏమైపోతాందో..."

పాట మీద ఇంకేదీ రికార్డవకూడదని తను ఎప్పుడో విరగ్గొట్టుకున్న క్యాసెట్ మూలలో, మళ్ళీ రికార్డయ్యేలా తనే కాగితం కుక్కింది.

నాన్న మాట్లాడాడు. అమ్మ ఏడ్చింది. నన్ను ఒక్క ముక్క చెప్పమంటే బడి లేదని, పిల్లి ఈనిందని, ఏ పిల్ల ఏ రంగో కూడా వాగాను. నా ఒక్కో మాటకీ ఆమె పాట చెరిగిపోతోందని నాకు తట్టలేదు. స్టెల్లక్క ఆపమనలేదు... గోడకానుకుని నవ్వుతూ వింది.

క్యాసెట్ చేరింది. రెండు వారాలకి మేమూ బస్సెక్కాం. స్టెల్లక్క రాలేకపోయింది. పాస్‌పోర్టు ఆమెకి వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గరుంది, ఆ కఫీల్ మొదటి రోజే దేశం దాటేశాడు. యుద్ధం అయ్యాక నాన్న తిరిగి వెళ్తే పైవాటా తలుపు విరిగి ఉంది. ఆమె ఏమైందో చెప్పేవాళ్ళే లేరు.

జేజి దిండు గలీబులో దాచిన ఆ క్యాసెట్ ఇప్పుడు నా దగ్గరుంది. రెండు పంక్తులు పాట... తర్వాత "అమ్మా, మేం బతికే ఉండాం" అని నాన్న గొంతు... ఆ తర్వాత నా పిల్లి గోల. అది వినాలంటే నాకు సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఫోన్లో రోజూ ఎన్ని వాయిస్ మెసేజ్‌లో... సగం వినకుండానే తీసేస్తాం. అప్పట్లో ఆ హోటల్లో స్టెల్లక్క పాట విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి... మూడో పంక్తి ఏమిటో నాకు తెలుసుకోవాలని ఉంది.