రెండు దారులు పెట్టిన పేజీ

తెనాలిలో కూర్చుని వెబ్‌సైట్లకు పని చేస్తాను. రంగులూ బొమ్మలూ వేరేవాళ్లు చూసుకుంటారు. ఏ విషయం ఎక్కడ ఉండాలి, దాన్ని ఏ పేరుతో పిలిస్తే వెతుక్కునే మనిషికి దొరుకుతుంది అన్నది తేల్చడమే నా పని.

ఒకసారి నిజాంపట్నం వైపు మత్స్యకారుల సంఘం వాళ్లు పిలిచారు. వాళ్ల సైట్‌లో అన్నీ ఉన్నాయి గానీ, ఎవరికీ ఏదీ దొరకదు. ఫోన్‌లో వెతికి వెతికి విసిగి, జనం చివరికి ఆఫీసుకే వస్తున్నారు. ఇలాంటప్పుడు నేను ఒక్కో విషయాన్ని ఒక్కో చీటీ మీద రాసి, సైట్ వాడేవాళ్ల ముందు పరుస్తాను. ఏది దేని పక్కన ఉండాలో వాళ్లనే పెట్టమంటాను.

ఆ రోజు సంఘం హాల్లో చాప మీద ఒక అత్తాకోడళ్లు కూర్చున్నారు. కోడలు చదువుతుంటే అత్త వింటోంది. తుఫాను హెచ్చరికలు, పడవ రిజిస్ట్రేషన్, డీజిల్ రాయితీ చకచకా సర్దేశారు. ‘వేటకెళ్లి గల్లంతైనవారు’ అన్న చీటీ దగ్గర కోడలి గొంతు తగ్గింది. దాన్ని ‘మరణ సహాయం’ కింద పెట్టింది. పాత సైట్‌లోనూ అది అక్కడే ఉండేది.

అత్త చెయ్యి చాచి ఆ చీటీ తీసేసింది.

“వాడు పోయాడని ఎవరు చెప్పారే నీకు?”

“ఎవరూ చెప్పలేదత్తా.”

“మరి తుఫాను పక్కన పెట్టు. తప్పిపోయినోళ్లని వెతుకుతారు గదా.”

“వెతికి ఊరుకున్నారు. పిల్లలకేం పెట్టను? పోయాడని రాస్తేనే గదా సాయం ఇచ్చేది.”

ముసలామె చీటీని కొంగున ముడేసుకుంది. ఆమె కొడుకు పడవ ముక్కలు దొరికాయనీ, మనిషి దొరకలేదనీ తర్వాత సంఘం గుమాస్తా చెప్పాడు.

ప్రతి విషయానికీ సరైన చోటు ఒకటే ఉంటుందని అప్పటిదాకా నమ్మేదాన్ని. ఈసారి కొత్త సైట్ మొదటి పేజీలోనే ‘పడవ తిరిగి రాలేదా?’ అని విడిగా పెట్టాను. లోపల ఒక దారి గాలింపుకి, ఇంకొకటి కుటుంబ సాయానికి.

“ఒక్క దానికి రెండు దార్లెందుకండీ?” అన్నారు సంఘం అధ్యక్షులు.

“ఒక ఇంట్లోనే ఇద్దరు వెతుకుతున్నారు కదండీ” అన్నాను. ఆయన సరే, అలాగే ఉంచమన్నారు.

తర్వాతి ఏడాది రేపల్లె బస్టాండు దగ్గర ఎండుచేపలు అమ్ముతూ ఆ కోడలు కనిపించింది. నన్ను గుర్తుపట్టింది. ఆ పేజీ చూసే దరఖాస్తు పెట్టుకుందట. బాపట్ల ఆఫీసుల చుట్టూ తిరిగితే సాయం వచ్చిందట.

“ఆయన పోయాడని సంతకం పెట్టిన రోజు నించి అత్త నాతో మాట్లాడదండి. పిల్లల్ని పంపితే దగ్గరికి తీసుకుంటది. నన్ను మాత్రం లోపలికి రమ్మనదు. అందుకే మా అమ్మగారింటికి వచ్చేశాను.”

కాసేపు చేపల మీద ఈగలు తోలింది.

“కాయితం మీద రాసిచ్చాను గానీ, ఆయన ఫొటోకి దండ వెయ్యలేదండి ఇంతవరకు. చెయ్యి రాలేదు. ఆ సంగతి అత్తకి తెలీదు.”

తెనాలి బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.