తువ్వాలు కింద నా చేతికి తెలిసింది

ఏళ్ళ తరబడి నా కుడి చెయ్యి నాకు బరువు. వాతం కాదు. ఆ చేతికి తెలిసిన నిజాన్ని ఒకరోజు నా నోరు కాదంది. ఇంట్లో కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మదనపల్లెలో మా నాయన చిల్లర కొట్టులో పెరిగినవాణ్ణి. కావలసిన సరుకును అక్కర్లేనట్టు చూడటం నాకు మాటలకన్నా ముందే వచ్చింది. మొహంలో ఏదీ పైకి తేలనివ్వడని మెచ్చుకుని, యుద్ధం రోజుల్లో పుంగనూరు పశువుల సంతకు నన్ను పెద్దను చేశారు. ఎంత ఉబ్బిపోయానో అదీ తేలనివ్వలేదు.

ఆ సంతలో ధర పైకి పలకరు, ఏ వేలు ఎలా పడితే అంత అని లెక్క. దళారి తువ్వాలు కప్పి, కొనేవాడి వేళ్ళు పట్టుకుని ధర తెలుసుకుంటాడు. అమ్మేవాడి వేళ్ళు అలాగే పట్టుకుని చెబుతాడు. అనుమానమొస్తే ఆ ఇద్దరూ విడివిడిగా తువ్వాలు కింద సంత పెద్ద చేతికి ఆ పట్టు చూపాలి. రెండూ కలిస్తే దళారి మధ్యలో ఏమీ మిగుల్చుకోనట్టు.

దళారి మునెప్పకు నోరు ఎక్కువ. ఒక సంతలో నేను కొన్న ఎద్దు కుంటింది. "పెద్దాయన ఎద్దు గూడా బేరమాడతాండాది సూడండప్పా! ఒక అడుగు ఏస్తాది, అర అడుగు తగ్గిస్తాది!" అన్నాడు. సంతంతా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా.

మరుసటి సంతలో తంబళ్లపల్లె రైతు ఒకడు తన ఆవు బేరంలో మునెప్ప మోసం చేశాడన్నాడు. డబ్బు ఇంకా చేతులు మారలేదు. రైతు చెయ్యి పట్టాను. కొనేవాడి చెయ్యి పట్టాను. రెండు పట్లూ ఒక్కటే. వేలికి వేలు, కణుపుకు కణుపు.

"తేడా ఉండాది," అన్నాను.

మునెప్ప నా మొహంలోకి చూశాడు. "యాలప్పా ఇట్ల జెప్తాండావు?"

"ఈ సంతలో నీకింక తువ్వాలు లేదు. పో."

"ధర బయటికి సెప్పేయ్ మునెప్పా, తేలిపోతాది," అన్నారెవరో.

"నోటితో పలికితే నేనేం దళారినప్పా? పెద్దాయన చేతికి తెలుసులే."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రైతు ఆవును తోలుకుపోయాడు. నన్ను మాత్రం అందరూ పొగిడారు, ఎంత నెమ్మదిగా తీర్పు చెప్పాడో అని.

నిజంగా నెమ్మదేనా? కోపాన్ని దాచడం నేర్చుకున్నాను, దించుకోవడం నేర్చుకోలేదు. పైకి కనపడకపోయేసరికి అది లేదనుకున్నాను. తీర్పు చెప్పింది అదే. తీర్పు వచ్చే సంతలో చెబుతానని ఒక్క మాట అనుంటే? పిడికెడు చింతపండుకు పూటంతా బేరమాడే నేను, ఒక మనిషి బతుకు దగ్గర ఒక్క క్షణం ఆగలేకపోయానా?

తర్వాత మునెప్పను కుప్పం స్టేషన్లో చూశాను. బస్తాలు మోస్తున్నాడు. ఆ తువ్వాలే చుట్టకుదురై నెత్తిన ఉంది. నన్ను చూసి నా మూట ఎత్తుకున్నాడు. "బాగుండావా పెద్దాయనా?" అన్నాడు. హాస్యం లేదు. నోరు అణిగిపోయింది. చెప్పాలనే నోరు తెరిచాను. "జాగ్రత్త, కింద పడేస్తావు," అన్నాను.

మళ్ళీ కుప్పం వెళ్ళినప్పుడు, పోయాడన్నారు.

క్షమించమని అడగడానికి మనిషి లేడు. మిమ్మల్ని అడగను, ఆ క్షమాపణ మీరిచ్చేది కాదు. పలకకుండా మిగిలిన మాట ఒక్కటుంది. ఈ చేత్తోనే రాస్తున్నాను: ఆ రెండు పట్లూ కలిశాయి.