పూజలో పెట్టిన ఫుట్‌బాల్

ఫలం ఆశించకుండా పని చేయాలని ప్రతి శనివారం సత్సంగంలో చెబుతుంటాను. విన్నవాళ్లు తల ఊపి ఇళ్లకు పోతారు. ఆ మాటను నిష్ఠగా పాటించింది మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్ ఒక్కటే. పుట్టిన నాటి నుంచి ఒక్క కప్పూ ఆశించలేదు, ఎవరూ ఇవ్వలేదు. గుమ్మడిదల దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీని ఆనుకుని మా గ్రౌండ్. గాలి ఇటు తిరిగితే ఆట ఆపి ముక్కులు మూసుకుంటాం. దాన్నే మేం హాఫ్‌టైమ్ అంటాం.

నేను గోల్‌కీపర్ని. కెప్టెన్ ఆ ఫ్యాక్టరీలోనే బాయిలర్ దగ్గర పని చేస్తాడు. అతనికి దొరికేది ఆదివారం సాయంత్రం ఒక్కటే. అదే సాయంత్రం గ్రౌండ్ తమకు కావాలని కిరాయి గదుల్లో ఉండే ఒడిశా కార్మికులూ అడిగారు. వారం వారం గొడవెందుకని దసరా నాడు మ్యాచ్ పెట్టుకున్నాం. గెలిచినవాళ్లదే ఆదివారం. ఓడితే కెప్టెన్‌కు ఇక ఆట లేనట్టే.

మా అధ్యక్షుడు విత్తనాల దుకాణం సేటు. జీవితంలో ఒక్కసారీ బంతిని తన్నని అర్హత మీద ఆ పదవి వచ్చింది. గెలుపు కోసం ఆయన చేసిన ఏర్పాటు, మాకున్న ఒకే ఒక్క బంతిని మహర్నవమి నాడు గుడిలో ఆయుధపూజకు పెట్టించడం. ట్రాక్టర్ తాళాలు, కొడవళ్ల మధ్య పసుపు పూసుకుని, కుంకుమ బొట్టుతో కూర్చుంది.

పూజలో పెట్టినదాన్ని పంతులు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. దసరా నాడు పంతులు ఫ్యాక్టరీలు తిరుగుతూ బాయిలర్ల ముందు గుమ్మడికాయలు కొడుతున్నాడు. ఏడాదంతా మన చెరువులోకి నురగ వదిలే యంత్రాలకు ఆ రోజు హారతి. అవతలి జట్టు బంతి ముందు వారమే ప్రహరీ మీది ముళ్లకంచెకు బలైంది.

"ఫోన్ చేసిన. ఇంకా నాలుగు కంపెనీలున్నయట," అన్నాడు కెప్టెన్. "బంతిని ఎందుకు పెట్టినవ్ సేటూ?"

"అమ్మోరి కాళ్లకాడ పెడితే తప్పా? గెలుస్తమని పెట్టిన."

"ఆడకుండనే గెలుస్తమా?" అని కెప్టెన్ నా వైపు తిరిగాడు. "స్వామీ, నీకు మంత్రాలొస్తయి కద. జెర ఆ ఉద్వాసన నువ్వే చెప్పరాదూ?"

దీపం వెలిగించి, క్షమించమని నిజంగానే వేడుకుని, మంత్రం చెప్పి బంతిని ఉత్తరం వైపు జరిపాను. అమ్మవారు అభ్యంతరం చెప్పలేదు. సేటు చెప్పాడు.

"తీస్తే తీసినవ్. బొట్టు మీద కాలెట్ల పెడ్తరు?"

ఆ మాట మావాళ్లందరినీ పట్టుకుంది. మ్యాచ్ అంతా పాస్ ఇవ్వడం, వెళ్లిపోతున్న బంతికి దండం పెట్టుకోవడం. ఒడిశావాళ్లు మొదట్లో ఒక్కసారి మొక్కి, ఆ తర్వాత ఆడారు. భక్తి అలాగే ఉండాలని నేను ఎన్నో శనివారాలు చెప్పాను. వాళ్లెవరూ సత్సంగానికి రారు. వాళ్లు కొట్టిన ఒక్క గోల్ నా చేతుల మధ్య నుంచే పోయింది. పసుపు జారిందని ఇప్పటికీ వాదిస్తాను.

చివర్లో ఖాళీ గోల్ ముందు కెప్టెన్ కాలి దగ్గర బంతి ఆగింది. బొట్టు పైకే ఉంది. లేచిన కాలు అలాగే నిలిచిపోయింది. ఈలోగా అవతలివాడు వచ్చి బంతిని చెరువు వైపు తన్నాడు. ఓడిపోయాం.

"కొట్టకపోతివేందిరా?" అన్నాను.

"అమ్మోరు నా దిక్కే సూసినట్టయింది స్వామీ."

ఆదివారం కెప్టెన్ గట్టు మీద కూర్చుని వాళ్ల ఆట చూస్తున్నాడు. వాళ్లలో ఒకతను ఓవర్‌టైమ్‌కు పోయాడట. వాళ్ల కెప్టెన్ దగ్గరికొచ్చి, "భాయ్, ఖాళీ ఎందుకు కూసున్నవ్? ఆవో, ఒక మనిషి కమ్ ఉన్నడు," అన్నాడు.

మావాడు వెళ్లాడు. అప్పటి నుంచి ఆదివారాలు వాళ్లకే ఆడుతున్నాడు, గోల్స్ కూడా కొడుతున్నాడు. మన క్లబ్ తయారుచేసిన ఆటగాణ్ని బయటి రాష్ట్రం ఏరి తీసుకుందని సేటు దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.

ఆయుధపూజ మాత్రం మానలేదు. ఇప్పుడు బంతికి బదులు గాలి కొట్టే పంపు పెడుతున్నాం. దాన్నెవరూ తన్నరు.