స్పానరు ముట్టని రోజు

పెనుకొండ బస్టాండుకు కొంచెం అవతల షెడ్డు నడిపే మెకానిక్ ఎర్రిస్వామికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంజన్ చప్పుడు వినకముందే బానెట్ ఎత్తమనేవాళ్లంటే అతడికి ఒళ్లు మంట. ముప్పై ఏళ్లుగా సగం పని చెవితోనే చేస్తున్నాడు. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తనే చెబుతాడు కూడా.

మొన్న ఆయుధపూజ నాడు తెల్లవారకముందే స్పానర్లు, జాకీ అన్నీ కడిగి, వరుసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టాడు. పూజలో పెట్టాక మర్నాటి దాకా వాటిని ముట్టడు. కలెక్టరు కారు ఆగినా ముట్టడు.

సరిగ్గా ఆ రోజే తొమ్మిదింటికి ధర్మవరం నుంచి మంజులత వచ్చింది. పట్టుచీరలు నేసే ఇంటి కోడలు. పాత కారు కొని టాక్సీగా తిప్పాలని ఆమె పట్టుదల, ఇదే మొదటి బాడుగ. పదకొండుకు హిందూపురంలో నలుగురిని ఎక్కించుకోవాలి. ఆలస్యమైతే వేరే బండి చూసుకుంటామని వాళ్లు ముందే చెప్పారు. తీరా చూస్తే పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పటి నుంచీ ఒకటే వణుకు. ఆక్సిలేటర్ మీద కాలు తీస్తే ఆగిపోతోంది. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా ఆగుతూ వచ్చానని చెప్పింది.

నిన్న బాగుందా, ఎవరైనా చేయి పెట్టారా అని ఎర్రిస్వామి ఆరా తీశాడు. అప్పుడు బయటపడింది అసలు కథ. ఆమె మామ పుల్లయ్య పండుగకు మగ్గం ఆపినట్టే బండికీ విశ్రాంతి ఇవ్వాలని రాత్రి బ్యాటరీ వైరు ఊడదీశాడు. పొద్దున పూజ కాగానే భక్తిగా మళ్లీ తగిలించాడు.

ఎర్రిస్వామికి నవ్వాగలేదు. వైరు చేత్తో కదిపి చూస్తే గట్టిగానే ఉంది. ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో ఏళ్ల తరబడి మసి పట్టి ఉంటుందని, ఆ మసికి తగ్గట్టు ఎంత గాలి వదలాలో బండిలోని కంప్యూటర్ నేర్చుకుని ఉంటుందని, బ్యాటరీ తీయగానే అదంతా మరిచిపోయిందని చెప్పాడు.

"నువ్వు భయపడి తొక్కతాండావు. తొక్కినంతసేపూ అది నేర్చుకోదు. దిగి ఆ బెంచీ మీద కూసో."

ఏసీ, లైట్లు ఆపి, ఆక్సిలేటర్ ముట్టకుండా స్టార్ట్ చేశాడు. ఇంజన్ గజగజ వణికి ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాడు, మళ్లీ ఆగింది. మంజులత లేచి నిలబడింది. ఇంకో మెకానిక్ దగ్గరికి పోతానంటే ఆపనని, అక్కడికి పోతే మాత్రం పదకొండు దాటుతుందని అతడు కసిరాడు. మూడోసారి స్టార్ట్ చేస్తే ఇంజన్ పడుతూ లేస్తూ ఆగకుండా నిలిచింది. పది నిమిషాలకు చప్పుడు సన్నబడింది. ఇంజన్ వేడెక్కి రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక ఏసీ వేశాడు. ఒక్కసారి తడబడి సర్దుకుంది.

పండుగ దాటాక వస్తే మసి తీస్తానని చెప్పి పంపేశాడు. ఆమె ముందు ధీమాగానే ఉన్నాడు గానీ, తర్వాత చేతిలోని ఫోన్ కింద పెట్టలేదు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా అది మోగింది.

"ఎక్కినారన్నా. నలుగురూ ఎక్కినారు."

ఆ మాటకు ఎర్రిస్వామి కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఆమెకు తెలిస్తే తలవంపులని గొంతు పెద్దది చేశాడు.

"వాళ్లను కూర్చోబెట్టుకోని నాతో మాటలేంది? బండి తీయి."